అమెరికా ప్రైమరీలు అందరికీ తెరవాలా? తెరిచి తీరాలంటాను

"అమెరికాలో పార్టీల ప్రైమరీ ఎన్నికల పద్ధతిని సంస్కరించాలా? సంస్కరిస్తే ఇక్కడి రాజకీయాలు బాగుపడతాయా?" అని అడిగారు. బాగుపడతాయా అన్న దానికి తరవాత వస్తాను. సంస్కరించాలా అంటే, సంస్కరించి తీరాలి. ప్రైమరీ అంటే నవంబరు ఎన్నికకు ముందు ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగే ఎన్నిక. ఇది పుస్తకాలు తిరగేసి చెబుతున్న మాట కాదు. 2019 మే 21న పెన్సిల్వేనియాలో, మా టౌన్‌షిప్ అగ్నిమాపక కేంద్రం హాలులోకి ఓటు వేయడానికి వెళ్లి, వేయకుండానే తిరిగి వచ్చిన మనిషిగా చెబుతున్నాను.

నేను ఈ దేశానికి 1999లో వచ్చాను. పౌరసత్వం 2018లో వచ్చింది. ప్రమాణం చేసి బయటికి రాగానే ఓటరు నమోదు పత్రం చేతిలో పెట్టారు. అందులో పార్టీ ఏదో చెప్పమని ఒక వరుస ఉంది. నేను "ఏ పార్టీ లేదు" అన్న గడిలో గుర్తు పెట్టాను. ఆలోచించకుండా పెట్టింది కాదు అది. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు. ప్రతి ఎన్నికలకూ ఆయనకు పోలింగ్ విధులు పడేవి. ఓటు ఎవరికి వేశారో మా అమ్మకు కూడా చెప్పేవారు కాదు. పార్టీ రంగు ఇంటి గోడకు కూడా అంటకూడదనేవారు. ఆ ఇంట్లో పెరిగిన నాకు, ప్రభుత్వ కాగితం మీద పార్టీ పేరు రాసి ఇవ్వడం మనసొప్పలేదు. ఆ ఒక్క గడి నాకు ఓటు లేకుండా చేస్తుందని ఎవరూ చెప్పలేదు. 2018 నవంబరులో వెళ్లాను, సంతకం చేశాను, ఓటు వేశాను. పార్టీ ఏమిటని ఎవరూ అడగలేదు. ఎప్పుడూ ఇంతే కాబోలు అనుకున్నాను.

మరుసటి మే నెలలో స్కూలు బోర్డు ప్రైమరీ ఎన్నికలు. పెన్సిల్వేనియాలో 500 స్కూలు డిస్ట్రిక్టులున్నాయి, ఎక్కువ చోట్ల తొమ్మిదిమంది సభ్యుల బోర్డు. వాళ్లకు జీతం ఉండదు, కానీ మన ఆస్తి పన్నులో సింహభాగం వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో గీత గీసేదీ వాళ్లే. ఆ ఏడాది మా కాలనీని ఒక బడి నుంచి తీసి మరో బడికి కలపాలని చర్చ జరుగుతోంది. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. గీత మారితే రోజూ బస్సులో నలభై నిమిషాలు, స్నేహితులందరూ ఒక చోట, తను ఒక చోట. నేను బోర్డు సమావేశాలకు మూడుసార్లు వెళ్లి వెనక వరుసలో కూర్చుని విన్నాను. అభ్యర్థుల్లో ఒకావిడ ఆ మార్పు అక్కర్లేదని లెక్కలు వేసి చూపించింది. నా ఓటు ఆవిడకే అని నిర్ణయించుకున్నాను.

పోలింగ్ రోజు ఉదయం ఏడున్నరకు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఓటు వేయడం ఎలా ఉంటుందో చూపిద్దామని నా ఆశ. ఎర్రటి ఫైరింజన్లను బయట ఎండలో నిలిపి, లోపల హాలులో మడత బల్లలు వేశారు. గుమ్మానికి కాస్త దూరంలో ఆ అభ్యర్థే నిలబడి ఉంది. చేయి కలిపి, తన పేరున్న కార్డు ఇచ్చి, అమ్మాయిని ఏ తరగతి అని అడిగింది. నా ఓటు మీకేనని ధైర్యంగా చెప్పి లోపలికి వెళ్లాను.

బల్ల వెనక డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ ఓటర్ల పుస్తకం పెట్టుకుని ఉంది. నా ఇంటిపేరు అక్షరం అక్షరం చెప్పాను. పేజీలు తిప్పింది, నా పేరు దొరికింది, పేరు కింద ప్లాస్టిక్ స్కేలు ఆనించింది. అంతలో ఆవిడ వేలు పక్క గడి మీద ఆగింది. కళ్లజోడు సర్దుకుని మరోసారి చూసింది. "మీరు ఏ పార్టీలోనూ లేరండీ. ఈ రోజు మీకు బ్యాలెట్ లేదు" అంది. నాకు అర్థం కాలేదు. నేను పౌరుణ్నే కదా, నా పేరు పుస్తకంలో ఉంది కదా అన్నాను. ఉంది, నవంబరులో రండి అంది. ఆవిడ తప్పేమీ లేదు, చాలా మర్యాదగానే చెప్పింది. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. పక్కకు జరిగాను.

ఆవిడకు మా అమ్మాయి మొహం చూసి జాలి వేసినట్టుంది. "నేను ఓటు వేశాను" అని ఉండే గుండ్రటి స్టిక్కరు ఒకటి చుట్ట నుంచి ఊడదీసి పిల్ల చొక్కాకు అంటించింది. కారు దాకా నడుస్తుంటే అమ్మాయి "నాన్నా, నువ్వు వేయలేదు కదా, ఇది నేను పెట్టుకోవచ్చా?" అని అడిగింది. పెట్టుకోమన్నాను. గుమ్మం దగ్గర ఆ అభ్యర్థి థాంక్స్ చెప్పబోతే, నాకు ఓటు లేదటండీ అని చెప్పవలసి వచ్చింది. పరాయి దేశంలో ఉన్నానని ఇరవై ఏళ్లలో నాకు అనిపించిన రోజులు తక్కువే. వాటిలో అది ఒకటి. అదీ పౌరసత్వం వచ్చాక.

ఇక నవంబరు సంగతి వినండి. పెన్సిల్వేనియాలో స్కూలు బోర్డుకు పోటీ చేసేవాళ్లు రెండు పార్టీల ప్రైమరీల్లోనూ పేరు ఇచ్చుకోవచ్చు. రెండింటిలోనూ నెగ్గితే నవంబరులో వాళ్లకు ఎదురు ఉండదు. ఆ నవంబరు బ్యాలెట్‌లో ఐదు ఖాళీలు ఉన్నాయి, ఐదే పేర్లు ఉన్నాయి. ప్రతి పేరు కిందా రెండు పార్టీల పేర్లూ అచ్చు వేసి ఉన్నాయి. నేను ఓటు వేద్దామనుకున్న ఆవిడ మే నెలలోనే కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. "నవంబరులో రండి" అన్నారు, వెళ్లాను, అప్పటికి అంతా అయిపోయింది. మరుసటి ఏడాది గీత మారింది. నా ఒక్క ఓటుతో ఆగేదని చెప్పడం లేదు. మా కాలనీలో నాలాగా పార్టీ లేనివాళ్లు, ముఖ్యంగా కొత్తగా పౌరసత్వం వచ్చిన మనవాళ్లు చాలామంది ఉన్నారు. బడి గీతతో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడ్డది వాళ్ల పిల్లలే.

ఆ రాత్రి మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. మన దగ్గర పోలింగ్ సమయం ముగిసేసరికి క్యూలో ఎవరైనా మిగిలి ఉంటే, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి అందరికీ చీటీలు ఇస్తారు. చీటీ ఉన్న ఆఖరి మనిషి ఓటు వేసేదాకా పెట్టె మూయకూడదు. ఒకసారి నాన్నగారు అలా రాత్రి తొమ్మిది దాకా కిరోసిన్ దీపం వెలుగులో కూర్చుని, పొలం నుంచి ఆలస్యంగా వచ్చిన కూలీలందరి చేతా ఓటు వేయించారట. ఊరి దాకా వచ్చిన మనిషిని ఓటు వేయించకుండా పంపడం మహాపాపం అనేవారు. ఇక్కడేమో పొద్దున్నే వచ్చి నిలబడ్డవాణ్ని పంపేశారు.

"అది పార్టీ సొంత వ్యవహారం, తమ అభ్యర్థిని తాము ఎన్నుకుంటారు, బయటివాడికి ఏం పని?" అని చాలామంది అంటారు. మన వాట్సాప్ గుంపుల్లోనూ ఇదే వాదన. న్యాయంగానే వినిపిస్తుంది. మన దేశంలో పార్టీ టికెట్ అధిష్ఠానం ఇస్తుంది, బీ ఫారం ఎవరి చేతికి వస్తుందో ఆఖరి రోజు దాకా తెలియదు. అది మంచి పద్ధతి అని నేను అనను. కానీ ఆ బేరసారాలు పార్టీ ఆఫీసులో, పార్టీ ఖర్చుతో జరుగుతాయి. దానికి ప్రభుత్వం పోలింగ్ కేంద్రం తెరిచి, సిబ్బందిని పెట్టి, జనం పన్నుతో బ్యాలెట్ అచ్చు వేయించదు. ఇక్కడ ప్రైమరీకి ఖర్చు పెట్టేది కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. ఆ హాలు అద్దె, ఆ పెద్దావిడ రోజు కూలీ, ఆ స్టిక్కరు కూడా నా పన్నులోంచే వచ్చాయి. సొంత వ్యవహారం అయితే సొంత డబ్బుతో సొంత హాలులో జరుపుకోండి, నేను అటు తొంగి కూడా చూడను. నా డబ్బుతో జరిపితే నాకు బ్యాలెట్ ఇవ్వాలి. దీనికి సరైన జవాబు ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు.

అసలు ప్రైమరీ పుట్టిందే నాయకుల గుప్పిట్లోంచి టికెట్‌ను జనం చేతిలోకి తేవడానికి. విస్కాన్సిన్‌లో రాబర్ట్ లా ఫాలెట్ పోరాడితే 1904లో అక్కడి ఓటర్లు ప్రత్యక్ష ప్రైమరీ చట్టాన్ని ఆమోదించారు. నూట ఇరవై ఏళ్ల కింద అది పెద్ద సంస్కరణ. ఇప్పుడు అదే ఇంకో గుప్పిటగా మారింది. చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి పెట్టని కోటలు. అక్కడ నవంబరు నామమాత్రం, ప్రైమరీయే అసలు ఎన్నిక. ఆ అసలు ఎన్నికకు వచ్చేది గుప్పెడు మంది. 2014లో వర్జీనియాలో ప్రతినిధుల సభ మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్ సొంత పార్టీ ప్రైమరీలో డేవ్ బ్రాట్ చేతిలో ఓడిపోయారు. ఏడు లక్షలకు పైగా జనాభా ఉన్న నియోజకవర్గంలో మొత్తం పోలైనవి సుమారు 65 వేల ఓట్లు. 2018లో న్యూయార్క్‌లో జో క్రౌలీని అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ఓడించినప్పుడు పోలైనవి ఇంకా తక్కువ, ముప్పై వేలు అటూ ఇటూ. ఎవరు గెలిచారు, వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది నా బాధ కాదు. ఒక జిల్లా అంత జనానికి ప్రతినిధిని ఒక మండలం ఓట్లు నిర్ణయించడం నా బాధ. మా రాష్ట్రంలోనే 2022 రిపబ్లికన్ సెనెట్ ప్రైమరీలో మెహ్మెట్ ఆజ్ గెలిచింది వెయ్యి ఓట్ల కన్నా తక్కువ తేడాతో, అదీ 31 శాతం ఓట్లతో. ఆ రోజు పది లక్షల మందికి పైగా స్వతంత్ర ఓటర్లు ఇళ్ల దగ్గర కూర్చున్నారు.

ఇక్కడ మనవాళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2018లో హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ మేరీల్యాండ్ ఆరో నియోజకవర్గం నుంచి కాంగ్రెస్‌కు డెమోక్రటిక్ ప్రైమరీలో నిలబడ్డారు. డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడి రెండో స్థానంలో నిలిచారు. ఆయన తన సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా కుమ్మరించారు. జర్మన్‌టౌన్‌లో ఉండే నా మిత్రుడు ఆవిడ కోసం నెల రోజులు ఇంటింటికీ తిరిగాడు. పోలింగ్ రోజున తెలిసింది, అతనికే ఓటు లేదని. మేరీల్యాండ్‌ది కూడా పార్టీలో నమోదైనవాళ్లే ఓటు వేసే మూసిన ప్రైమరీయే, అతనూ నాలాగే పార్టీ గడి ఖాళీగా వదిలాడు. 2022లో ఆవిడ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పుడు మనవాళ్లు ఫొటోలు పంచుకుని గర్వపడ్డారు, నేనూ పడ్డాను. కానీ అధ్యక్ష ఎన్నికల మీద రాత్రింబవళ్లు వాదించుకునే మన గుంపుల్లో ప్రైమరీ తేదీ తెలిసినవాడు పదిమందిలో ఒకడు కూడా ఉండడు. పిల్లల లెక్కల పోటీ తేదీలు ఆరు నెలల ముందే గోడ మీద రాసుకుంటాం. ఆ పిల్లల బడిని నడిపే బోర్డు ఎన్నిక తేదీ ఎవరూ రాసుకోరు. ఈ కోపం నాకు చట్టం మీద ఎంత ఉందో మన మీద కూడా అంతే ఉంది.

సరే, ఎలా మార్చాలి? వాషింగ్టన్ రాష్ట్రంలో 2008 నుంచి, కాలిఫోర్నియాలో 2012 నుంచి అందరి పేర్లూ ఒకే బ్యాలెట్ మీద ఉంటాయి, ఓటర్లందరూ వేస్తారు, పార్టీతో పని లేకుండా మొదటి ఇద్దరు నవంబరుకు వెళతారు. పార్టీల హక్కు పోయిందని వాషింగ్టన్ పద్ధతి మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఇది పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నిక కాదు కాబట్టి చెల్లుతుందని 2008లో కోర్టు చెప్పింది. అలాస్కాలో 2022 నుంచి మొదటి నలుగురు వెళతారు, నవంబరులో ఓటరు 1, 2, 3, 4 అని ప్రాధాన్యాలు ఇస్తారు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. నాకు అలాస్కా పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే ఇద్దరితో ఒక చిక్కుంది. 2012లో కాలిఫోర్నియా 31వ నియోజకవర్గం డెమోక్రాట్ల వైపు మొగ్గేది. నలుగురు డెమోక్రాట్లు ఓట్లు చీల్చుకోవడంతో నవంబరుకు ఇద్దరూ రిపబ్లికన్లే మిగిలారు. నలుగురిని పంపితే అలాంటి ప్రమాదం చాలా తగ్గుతుంది.

రాజకీయాలు బాగుపడతాయా అన్న మీ రెండో ప్రశ్నకు ఒక్క ఉదాహరణ చాలు. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు అనుకూలంగా పదిమంది రిపబ్లికన్ ప్రతినిధులు ఓటు వేశారు. నలుగురు మళ్లీ పోటీయే చేయలేదు. లిజ్ చేనీతో సహా నలుగురు ప్రైమరీలో ఓడిపోయారు. తిరిగి సభకు వచ్చినవాళ్లు ఇద్దరే, వాషింగ్టన్ నుంచి డాన్ న్యూహౌస్, కాలిఫోర్నియా నుంచి డేవిడ్ వలడావో. ఇద్దరివీ అందరూ ఓటు వేసే రాష్ట్రాలే. అదే అభిశంసనలో ట్రంప్‌కు వ్యతిరేకంగా సెనెట్‌లో ఓటు వేసిన లీసా మర్కోవ్‌స్కీ కూడా అలాస్కాలో అలాగే నిలదొక్కుకున్నారు. పార్టీని ఎదిరించి మనస్సాక్షి ప్రకారం ఓటు వేసినవాడు బతికి బట్టకట్టాలంటే, అతణ్ని గెలిపించే జనం ఆ గదిలోకి రాగలగాలి. వాషింగ్టన్ పద్ధతిలోనూ ఓడినవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, ఆ పదిమందిలో ఒకరైన జేమీ హెరెరా బ్యూట్లర్ అలాగే ఓడిపోయారు. అయినా నా అభిప్రాయం మారదు. సర్వే పట్టికలు చూపించి తేడా పెద్దగా లేదనే పండితులు నాకు ఎదురైనప్పుడల్లా ఈ ఇద్దరి పేర్లూ చెబుతాను.

"అవతలి పార్టీవాళ్లు వచ్చి కావాలని బలహీనుణ్ని గెలిపిస్తారు" అని ఇంకో భయం. రోజు సెలవు పెట్టుకుని క్యూలో నిలబడి, తనకు ఇష్టం లేనివాడికి ఓటు వేసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మా ఊళ్లో సర్పంచి ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. ఏ పార్టీవాడైనా ఎవరికైనా వేస్తాడు, ఊరు మునిగిపోలేదు. ఇక్కడ నెబ్రాస్కా శాసనసభ ఎన్నికలు కూడా అధికారికంగా పార్టీలు లేకుండానే జరుగుతాయి.

2024 నవంబరు నాకు పెద్ద దెబ్బ. నెవాడా, ఐడహో, కొలరాడో, అరిజోనా, మోంటానా, సౌత్ డకోటా, ఆరు చోట్లా ప్రైమరీలను మార్చే ప్రతిపాదనలు ఓడిపోయాయి. అలాస్కాలో ఉన్న పద్ధతి రద్దు కాకుండా బయటపడింది వెయ్యి ఓట్ల లోపు తేడాతో. అంతకు ముందు 2020లో ఫ్లోరిడాలో 57 శాతం మంది అవునన్నారు, 60 శాతం కావాలి కాబట్టి పోయింది. ప్రైమరీ తెరవడాన్ని ప్రాధాన్య ఓటుతో ముడిపెట్టి జనాన్ని కంగారుపెట్టారని నా నమ్మకం. సౌత్ డకోటాలో ముడి లేకపోయినా ఓడింది, ఒప్పుకుంటాను. కానీ ముందు తలుపు తెరవమని ఒక్క మాటే అడిగి ఉంటే బాగుండేది. న్యూ మెక్సికోలో 2025లో శాసనసభే చట్టం చేసింది, 2026 నుంచి పార్టీ లేనివాళ్లు కూడా ప్రైమరీలో ఓటు వేయవచ్చు. పెన్సిల్వేనియాకు అదే దారి, ఎందుకంటే ఇక్కడ ఓటర్లు సంతకాలు సేకరించి చట్టం తెచ్చే వీలు లేదు. 2019లోనే, నన్ను వెనక్కి పంపిన ఏడాదే, మా రాష్ట్ర సెనెట్ అలాంటి బిల్లును భారీ మెజారిటీతో ఆమోదించింది. కింది సభలో అది ముందుకు కదల్లేదు.

2021 మే నెలలో నాకు ఒక బ్యాలెట్ ఇచ్చారు. రాష్ట్ర రాజ్యాంగ సవరణల మీద ప్రశ్నలుంటే పార్టీ లేనివాళ్లూ వాటికి ఓటు వేయవచ్చు. నా కాగితం మీద ఆ ప్రశ్నలు మాత్రమే ఉన్నాయి, మనుషుల పేర్లు లేవు. గవర్నరు అత్యవసర అధికారాలను తగ్గించాలా వద్దా అని రాష్ట్ర రాజ్యాంగం గురించి నన్ను అడిగారు. పిల్లల బడి బోర్డులో ఎవరు ఉండాలో మాత్రం అడగలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి నమోదు మార్చుకున్నాను. ఏ పార్టీ అన్నది ఇక్కడ రాయను. మా నియోజకవర్గంలో ఎవరి ప్రైమరీలో ఫలితం తేలుతుందో చూసి ఆ పార్టీ రాశాను, అంతే. నాన్నగారు ఉండి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు.

మొన్న మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. భోజనాల బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని ఓటరుగా నమోదు చేసుకుంటూ పార్టీ గడి దగ్గర ఆగింది. నేను ఏదో చెప్పబోయాను. "వద్దు నాన్నా, నాకు తెలుసు" అని "ఏ పార్టీ లేదు" మీద నొక్కింది. ఆ పని తనదే. మా రాష్ట్ర ప్రతినిధికి నేను ఇంతవరకు మూడు ఉత్తరాలు రాశాను. నాలుగోది తను రాస్తానంది. మీరు పెన్సిల్వేనియాలో ఉంటే, చట్టం మారేలోగా స్కూలు బోర్డుకు ఓటు వేయాలనుకుంటే, ప్రైమరీకి కనీసం పదిహేను రోజుల ముందే నమోదు చూసుకోండి. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లయితే మరీ ముఖ్యంగా.